ఇన్‌క్లూజివ్ ప్రీస్కూల్లో వాలంటీర్ ఎక్కడ కూర్చోవాలి?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు స్థిరపడిన తెలుగువాళ్లలో వారానికి ఒక పూట ఏదైనా స్కూల్లో పనిచేద్దామనుకునేవాళ్లు తక్కువేం కాదు. ఉద్యోగం మానేసిన తల్లులు, మనవల కోసం వచ్చిన అమ్మమ్మలు, ఐటీ కుర్రాళ్లు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ (మెదడు లోపం వల్ల కదలికల్లో వచ్చే ఇబ్బంది) ఉన్న పిల్లలు అందరితో కలిసి చదివే ప్రీస్కూల్‌కి వెళ్తే తరచుగా మొదటి మాటే "మీరు ఈ బాబు పక్కన కూర్చోండి మేడమ్" అని ఉంటుంది. పొరపాటు అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం.

పెద్దవాళ్లు ఎప్పుడూ పక్కనే ఉంటే తోటి పిల్లలు ఆ బాబు దగ్గరికి రారు. అతని చేతిలో బంతి కావాలన్నా మనల్నే అడుగుతారు. బాబుకి వేయాల్సిన ప్రశ్న టీచర్ కూడా మనకే వేస్తారు. అమెరికాలో ప్రత్యేక విద్య పరిశోధకుడు మైఖేల్ జియాన్‌గ్రెకో బృందం 1997లోనే ఈ సంగతి అధ్యయనం చేసి చెప్పింది: సహాయకులు అంటిపెట్టుకుని ఉంటే పిల్లలు తోటివారికి దూరమవుతారు, పెద్దవాళ్ల మీద ఆధారపడటం పెరుగుతుంది, క్లాస్ టీచర్ ఆ పిల్లల బాధ్యత తీసుకోవడం తగ్గుతుంది.

అందుకే వాలంటీర్ క్లాసు మొత్తానికీ ఉండాలి. స్నాక్ టైమ్‌లో డబ్బా మూత రాకపోతే వెంటనే తీసిపెట్టకుండా కాసేపు ఆగాలి. ఆ కాసేపట్లో పక్కన కూర్చున్న పాప చెయ్యి చాపవచ్చు, బాబే బొమ్మ కార్డు చూపించి సాయం అడగవచ్చు. ఇద్దరికీ కలిపి ఒకే రంగుల పెట్టె ఇస్తే ఒకరినొకరు అడగక తప్పదు. మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలు జవాబు చెప్పడానికి టైమ్ తీసుకుంటారు. ఆ మౌనాన్ని మనం నింపేయకూడదు. తెలుగువాళ్లకి ఇది కష్టమే, పిల్లలు నోరు తెరిచేలోపే ముద్ద పెట్టేసే ప్రేమ మనది! కొన్ని పనులకు మాత్రం అసలు తొందరపడకూడదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్ని ఎత్తుకోవడం, తినిపించడం థెరపిస్టు దగ్గర నేర్చుకున్నాకే చేయాలి. మింగడంలో ఇబ్బంది ఉంటే తిండి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది.

బెంగళూరులో తెలుగు వాలంటీర్‌కి ఇంకో విలువ ఉంది. ఇంట్లో తెలుగు, ఆయా నోట కన్నడ, టీచర్ నోట ఇంగ్లిష్. మాటలు రాని పిల్లాడితో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమని తల్లిదండ్రులకు సలహాలు వస్తుంటాయి. రెండు భాషల వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. ఆ సలహా విని అమ్మ తనకు వచ్చిన భాషలో కబుర్లే మానేస్తే పిల్లాడు పోగొట్టుకునేది చాలా ఎక్కువ. క్లాసులో "నీళ్లు" అన్నప్పుడు ఠక్కున అర్థం చేసుకునే మనిషి ఉండటం ఆ పిల్లాడికి పెద్ద ధైర్యం.

ఇక అసలు లోటు చట్టంలో ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉచిత విద్య ఇచ్చేది కూడా ఆరేళ్ల నుంచి పద్దెనిమిది వరకే, అదీ నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్నవాళ్లకు. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి 10 మంది పిల్లలకు ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ (వాళ్లకు బోధించడంలో శిక్షణ పొందిన టీచర్) ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మెదడు వేగంగా ఎదిగే మూడు నుంచి ఆరేళ్ల వయసులో మాత్రం అలాంటి హక్కు లేదు. ఆ ఖాళీలో చాలాచోట్ల ఒక్క పిల్లాడికే తోడుగా ఉండే షాడో టీచర్ జీతం తల్లిదండ్రులే కడుతున్నారు. కట్టలేని చోట ఉచితంగా వచ్చిన వాలంటీర్‌ని కూర్చోబెడుతున్నారు. మన మంచితనం ఒక ఉద్యోగాన్ని ఖాళీగా ఉంచడానికి సాకుగా మారకూడదు.

కంపెనీ తరఫున ఒక రోజు వచ్చి, ఫొటోలు దిగి వెళ్లే పద్ధతి అయితే పూర్తిగా ఆపాలి. కొత్త ముఖాలు, కొత్త గోల ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు భరించలేనంత టెన్షన్. ఒక్క పూటైనా సరే, ప్రతి వారం అదే రోజు, అదే టైమ్‌కి, కనీసం ఒక విద్యా సంవత్సరం రాగలిగితేనే ఒప్పుకోండి. ఒప్పుకునే ముందు అడగండి: స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారా? వారానికి ఎన్ని గంటలు ఉంటారు? నాకు పని నేర్పేది ఎవరు? "మీరు వస్తున్నారుగా, ఇంకెవరూ అక్కర్లేదు" అనే స్కూల్‌కి వద్దని చెప్పి, ఆ మాట తల్లిదండ్రులకూ తెలియజేయండి.