పరాన్నజీవి పరువు నష్టం

ఎన్నికలు దగ్గర పడితే చాలు, నాయకులు ఒకరినొకరు పరాన్నజీవులని తిట్టుకుంటారు. తిట్టు తిన్న నాయకుడు మర్నాడు ఆ తిట్టునే తిరిగి అప్పజెప్పి హాయిగా ఉంటాడు. దెబ్బ తగులుతున్నది మాత్రం ఎక్కడో సుమత్రా అడవిలో నేల మీద కూర్చున్న ఒక పువ్వుకు. రఫ్లీషియా ఆర్నాల్డై అనే ఆ పువ్వు తరఫున ఈ నోటీసు ఇస్తున్నాను. వకాల్తా ఏదని అడగకండి. సంతకం పెట్టడానికి నా కక్షిదారుకు చెయ్యి మాట అటుంచి, ఆకు కూడా లేదు.

ఆకు లేదు, కాండం లేదు, వేరు లేదు. ఉన్నదల్లా మామగారిల్లు. ద్రాక్ష కుటుంబానికి చెందిన టెట్రాస్టిగ్మా అనే అడవి తీగ లోపల సన్నని దారాల్లా అల్లుకుని, తీగ తోడిన నీళ్లు, తీగ వండిన అన్నం అందుకుంటూ కంటికి కనబడకుండా కాలక్షేపం చేస్తుంది. ఇల్లరికమంటే ఇదీ! మన మామిడి కొమ్మ మీది బదనికను దీని పక్కన నిలబెట్టకండి. దానికి పచ్చని ఆకులున్నాయి. చెట్టు దగ్గర నీళ్లు పట్టుకున్నా వంట సొంతం. నా కక్షిదారు వంశం వంటిల్లే పడగొట్టింది. ఫిలిప్పీన్స్‌లోని దీని బంధువును పరీక్షించిన శాస్త్రవేత్తలు, ఆకుల్లో వంట చేసే హరితరేణువుల జన్యు సంపుటి ఎంత వెతికినా దొరకలేదని 2014లో ప్రకటించారు. అంతకు రెండేళ్ల ముందు మలేసియాలోని మరో బంధువు దగ్గర, తీగ నుంచి వచ్చి చేరిన జన్యువులు పదుల సంఖ్యలో బయటపడ్డాయి. ఇల్లరికపు అల్లుడు మామగారి ఇంటిపేరు పెట్టుకోవడం చూశాం. మామగారి పోలికలు తెచ్చుకోవడం ఇక్కడే చూస్తున్నాం.

ఇదంతా ప్రతివాదులకు అనుకూలమైన సాక్ష్యంలా కనిపించవచ్చు. తొందరపడకండి. నా కక్షిదారు తిన్న ఇంటిని కూల్చదు. అల్లుణ్ని మోస్తూనే తీగ బతుకుతుంది. పుట్టిన తీగను వదిలి పక్క తీగలోకి దూకిన రఫ్లీషియా లేనే లేదు. తీగ బెరడు చీల్చుకుని వచ్చిన మొగ్గ క్యాబేజీ అంత అయ్యి విచ్చుకోవడానికి నెలల తరబడి, ఒక్కోసారి తొమ్మిది నెలల దాకా పడుతుంది. చాలా మొగ్గలు ఆలోపే కుళ్లిపోతాయి. పోయేముందు అసమ్మతి సమావేశం పెట్టవు.

విచ్చుకున్నాక చూడాలి. ఇటుక రంగులో, మీద తెల్లని పొక్కులతో, తోలులా మందమైన ఐదు రేకులు. నడుమ గంగాళం లాంటి గుంట. ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు మీటరు. ప్రపంచంలో ఇంతకన్నా పెద్ద పువ్వు మరొకటి లేదు. వాసన మాత్రం కుళ్లిన మాంసానిది. ఈగలు విందనుకుని వస్తాయి, విందు ఉండదు. మగ పువ్వులో దూరిన ఈగ వీపుకు పుప్పొడి ముద్ద అంటుకుంటుంది. అదే ఈగ బుద్ధి తెచ్చుకోకుండా, ఆ కొద్ది రోజుల్లోనే విచ్చుకున్న ఒక ఆడ పువ్వులో మళ్లీ దూరాలి. ఒకే ఈగను రెండుసార్లు మోసం చేస్తే తప్ప వంశం నిలవదు. ఈ ఒక్క నేరాన్ని ఒప్పుకుంటున్నాం. ప్రతివాదులు తమ లెక్క తాము చెప్పుకోగలరా?

ఇక పేరు. 1818లో ఈస్టిండియా కంపెనీ తరఫున సుమత్రాలోని బెంకూలెన్‌ను ఏలుతున్న స్టాంఫర్డ్ రాఫెల్స్ అడవిలో పర్యటిస్తుండగా, మలయ్ పనివాడొకడు పరుగున వచ్చి, ‘పెద్ద పువ్వు, రండి’ అంటూ డాక్టర్ జోసెఫ్ ఆర్నాల్డ్‌ను వెంటబెట్టుకుపోయాడు. కొలిస్తే అడ్డంగా గజం ఉంది. పక్కన సాక్షులు లేకపోతే ఈ కొలతలు చెప్పడానికే జంకేవాణ్నని ఆర్నాల్డ్ ఉత్తరంలో రాసుకున్నాడు. ఆ ఏడాదే జ్వరంతో పోయాడు. పేరులో మొదటి సగం దొరగారికి దక్కింది, రెండో సగం డాక్టరుగారికి. పరుగెత్తి వచ్చినవాడు ఆ ఉత్తరంలో ఉత్త పనివాడు. స్థానికుల చేత బలవంతంగా మిరియాలు పండించి బతికిన కంపెనీకి అధికారి అయిన దొరగారి పేరును పరాన్నజీవికి పెట్టడంలో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్‌కు దురుద్దేశమేమీ లేదని నమ్ముతున్నాను. ఆ పేరు వల్ల పరువు పోయింది దొరగారిదా, పువ్వుదా అన్నది వేరే దావా.

ఇండోనేషియాలో దీనికి ‘పద్మ రాక్షస’ అనే పేరూ ఉంది. పద్మమూ మనకు తెలుసు, రాక్షసుడూ తెలుసు. ఇద్దరికీ అక్కడ కాపురం కుదిరింది. 1993లో ఆ దేశం మల్లెతో, ఒక ఆర్కిడ్‌తో పాటు దీన్నీ జాతీయ పుష్పంగా ప్రకటించింది. అంతటి హోదా గలవారిని పట్టుకుని మన సభల్లో అనరాని పోలికలు పోలుస్తున్నారు.

కాబట్టి తిట్టినవారంతా తిట్టిన వేదిక మీదే, అదే మైకులో, ఐదు రోజుల్లోగా క్షమాపణ చెప్పాలి. గడువు తక్కువని తెలుసు. పొడిగించే వీలు లేదు. వారం తిరిగేసరికి నా కక్షిదారు నల్లబడి, ముద్దయి, ఎవరూ దిగమనకుండానే పదవి దిగిపోయి ఉంటుంది.