లిక్టన్‌స్టైన్‌లో "11 నగరాలు" ఎక్కడున్నాయి?

వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. స్విట్జర్లాండ్‌కీ ఆస్ట్రియాకీ మధ్య ఆల్ప్స్ కొండల్లో ఉన్న లిక్టన్‌స్టైన్ గురించి. అందులో 11 నగరాలున్నాయట, అన్నిటిలోకీ పెద్దది రాజధాని వాడుజ్ అట, రైలు నేరుగా అక్కడికే పోతుందట, ఉద్యోగాలన్నీ అక్కడేనట, దేశంలో జైలే లేదట. మా బంధువుల గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

"11 నగరాలు."
11 అనే అంకె ఒక్కటే నిజం. అవి గెమైండెలు, అంటే దాదాపు మన పంచాయతీల్లాంటివి. ఒక్కదానికీ నగర హోదా లేదు. దేశం మొత్తం కలిపితే 160 చదరపు కిలోమీటర్లు, జనం 40 వేలు. మన దగ్గర ఓ మామూలు మండలంలోనే అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. వాటిలో ప్లాంకెన్ అనే ఊళ్లో ఉండేది 500 మంది దాకా. దాన్ని కూడా నగరాల లిస్టులో వేశారు!

వాడుజ్‌ని సైతం అక్కడి రాజ్యాంగం "హౌప్ట్‌ఓర్ట్" అంటుంది, ముఖ్యమైన ఊరు అని అర్థం. రాజధాని నగరానికి జర్మన్‌లో వాడే "హౌప్ట్‌ష్టాట్" అనే మాట అందులో వాడలేదు. తమాషా ఏమిటంటే, వాడుజ్‌లో మ్యూజియంలూ షాపులూ ఉన్న నడక వీధి పేరు "ష్టెట్లె", అంటే బుల్లి పట్నం. పట్నమనే ముచ్చట ఆ వీధి పేరుతో తీర్చుకున్నారన్నమాట.

అలాగని గెమైండె అంటే చులకన కాదు. 2003లో రాజ్యాంగాన్ని సవరించినప్పుడు, దేశం నుంచి విడిపోవడానికి ఓటింగ్ పెట్టుకునే హక్కు కూడా వాటికిచ్చారు. మన మహానగరాలకు కూడా లేని హక్కు అది.

"పెద్దది వాడుజ్."
కాదు, షాన్. 2019 లెక్కల్లో షాన్‌లో 6,000 పైచిలుకు, వాడుజ్‌లో 5,700 దాకా ఉన్నారు. తర్వాతి స్థానం త్రీజన్‌ది. ఈ మూడూ రైన్ లోయలో వరసగా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఎక్కడ ఏది మొదలైందో కొత్తవాళ్లకు తెలియదు. కొండ మీద రాజుగారి కోట, కింద పార్లమెంటు వాడుజ్‌లో ఉన్నాయి కాబట్టి పెద్దది కూడా అదే అనుకుంటారు. అన్నట్టు అక్కడివాళ్లు ఆ ఊరిని "ఫదూట్స్" అంటారు.

"రైలు నేరుగా వాడుజ్‌కి పోతుంది."
వాడుజ్‌లో రైల్వే స్టేషనే లేదు. "షాన్-వాడుజ్" అని బోర్డున్న స్టేషన్ ఉన్నది షాన్‌లో. ఆస్ట్రియాలోని ఫెల్డ్‌కిర్ఖ్ నుంచి స్విట్జర్లాండ్‌లోని బుక్స్‌కి పోయే లైన్ మీద, ఆస్ట్రియా రైల్వే వాళ్ల రైళ్లు అక్కడ ఆగుతాయి. అక్కడి నుంచి వాడుజ్‌కి బస్సే. విమానాశ్రయం కూడా లేదు, జ్యూరిక్‌లో దిగి రావాలి.

"ఉద్యోగాలన్నీ వాడుజ్‌లోనే."
బ్యాంకులూ ప్రభుత్వ ఆఫీసులూ అయితే ఎక్కువగా అక్కడే. ఫ్యాక్టరీల సంగతి వేరు. మన దగ్గర బిల్డింగ్ పనుల చోట కనిపించే ఎర్రటి హిల్టీ డ్రిల్లింగ్ మెషీన్ ఉంది కదా, ఆ కంపెనీ 1941లో పుట్టింది షాన్‌లోనే. ప్రధాన కార్యాలయం ఇప్పటికీ అక్కడే. పళ్ల డాక్టర్లకు సామాన్లు చేసే ఇవోక్లార్ కూడా షాన్‌దే. దేశంలో ఉద్యోగాలు ఇంచుమించు జనాభా అంత ఉన్నాయి. వాటిలో సగానికి పైగా చేసేది రోజూ సరిహద్దు దాటి వచ్చే స్విస్, ఆస్ట్రియా వాళ్లు. సాయంత్రానికి వాళ్లంతా ఇంటికి వెళ్లిపోతారు. ఫార్వర్డ్ రాసినవాళ్లు ఊహించుకున్న నగర జనంలో సగం మంది రాత్రి ఆ దేశంలోనే ఉండరు.

"జైలే లేదు."
ఉంది, వాడుజ్‌లోనే, చిన్నది. శిక్ష ఎక్కువ కాలం పడితే, ఒప్పందం ప్రకారం ఆస్ట్రియా జైలుకి పంపుతారు.