పేషెంట్ తాలూకు డ్రోన్

ఈ దేశంలో ఆటోవాళ్లకు యూనియన్ ఉంది, పాలవాళ్లకు సంఘం ఉంది, మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ చార్జీ కట్టబోమని మొరాయించే గ్రౌండ్‌ఫ్లోర్ వాళ్లకు కూడా ఒక వాట్సాప్ గ్రూపుంది. బావమరుదులకే ఏమీ లేదు. అందుకే వాళ్ల ఉనికికి ముప్పు తెచ్చే ఒక యంత్రం మీద నా తీవ్ర అభ్యంతరాన్ని ఇలా రాతపూర్వకంగా తెలియజేస్తున్నాను. ఆ యంత్రం పేరు డ్రోన్.

బావమరిది అంటే ఇక్కడ చుట్టరికం కాదు, హోదా. పేషెంటుకి తమ్ముడు కావచ్చు, మేనల్లుడు కావచ్చు, పాపానికి పలకరించడానికొచ్చిన ఎదురింటి కుర్రాడైనా కావచ్చు. నర్సు తలుపు తీసి "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని కేకెయ్యగానే ఎవడు లేచి నిలబడతాడో వాడే బావమరిది. ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి రక్తం, శాంపిళ్లు, రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు మోసుకెళ్లే రవాణా వ్యవస్థ మనకు లేదని కొందరు మేధావులు వాపోతుంటారు. నిక్షేపంలా ఉంది. దాని ఇంధనం టీ, బిస్కెట్లు. పైలట్ లైసెన్సు అక్కర్లేదు, రెండు చక్రాల బండి ఉంటే చాలు. అదీ లేకపోతే ఎవరిదో ఒకరిది అడుక్కోవచ్చు.

ఇంత చక్కటి ఏర్పాటు ఉండగా 2021 సెప్టెంబర్ 11న వికారాబాద్‌లో డ్రోన్‌కు మందులు కట్టి ఎగరేశారు. కేంద్రమంత్రి, రాష్ట్రమంత్రి స్వయంగా వచ్చారు. బావమరిది బండి స్టార్ట్ చేస్తుంటే ఏ మంత్రి వచ్చాడు? అంతకు సరిగ్గా 17 రోజుల ముందు కేంద్రం కొత్త డ్రోన్ నిబంధనలు తెచ్చింది. అప్పటిదాకా 25గా ఉన్న ఫారాలను 5కి కుదించింది. 72 రకాల ఫీజులను 4 చేసింది. గ్రీన్ జోన్ అయితే, అంటే డ్రోన్లకు ఆంక్షలు లేని ప్రాంతమైతే, 400 అడుగుల ఎత్తు దాకా ఎవర్నీ అడక్కుండా ఎగరొచ్చట. అదే ఆస్పత్రిలో మూడో అంతస్తుకు లిఫ్టులో వెళ్లాలంటే విజిటర్ పాస్ కావాలి. ఆ పాస్ సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకే చెల్లుతుంది.

తర్వాత 2024 అక్టోబర్ 29న ప్రధాని వర్చువల్‌గా డ్రోన్ సేవలు ప్రారంభించిన ఆస్పత్రుల్లో మన మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు కూడా ఉన్నాయి. మంగళగిరి నుంచి నూతక్కి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డ్రోన్ వెళ్లింది. సుమారు 12 కిలోమీటర్లు, 9 నిమిషాలు. ఈ వార్త చదివి మా బావ నాకు ఫార్వర్డ్ చేశాడు. కింద "ఇక నీకు రెస్టు రా" అని రాసి రెండు నవ్వు బొమ్మలు పెట్టాడు. మా బావకు డెంగీ వచ్చి తగ్గి అప్పటికి రెండు నెలలు.

ఆ డెంగీ సంగతి చెప్పాలి. నా అభ్యంతరానికి సాంకేతిక ఆధారం అక్కడే ఉంది.

సాయంత్రం ఆరింటికి ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. నాలుగు యూనిట్లు తెమ్మని చీటీ ఇచ్చారు. బ్లడ్ బ్యాంకు ఊరికి అటు చివర, అరగంట ప్రయాణం. మా అక్క నా చేతిలో థర్మాకోల్ డబ్బా పెట్టింది, నేను శాంపిల్ ట్యూబు చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఒంటి వేడికి పాడవుతుందేమోనని పైజేబులోంచి తీసి పక్కజేబులో పెట్టాను, అక్కడ మాత్రం వేడి ఉండదన్నట్టు. కౌంటర్లో ఆయన చీటీని వెనకా ముందూ తిప్పి, వెలుతురుకు ఎత్తి చూసి, "డాక్టరు సంతకం ఉంది, సీలు లేదండీ" అన్నాడు. ఫొటో తెప్పిస్తానన్నాను. "ఫొటోలో సీలు సీలు కాదండీ" అన్నాడు. వెనక్కి వచ్చాను. సీలు డ్రాయర్లో ఉంది. డ్రాయర్ తాళం ఒక సిస్టర్ దగ్గర ఉంది. ఆ సిస్టర్‌కు డ్యూటీ అయిపోయింది.

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. నేను ఆ రాత్రి అరగంట చొప్పున నాలుగుసార్లు తిరిగాను, అంటే రెండు గంటలు. డ్రోన్ అయితే నాలుగు తొమ్ముల ముప్పై ఆరు నిమిషాల్లో తిరిగేసేది. ఒప్పుకుంటాను. కానీ నేను తిరిగొచ్చేసరికి రాత్రి పన్నెండున్నర. మిగిలిన నాలుగున్నర గంటలు ఏ దూరమూ కాదు. అదంతా సీలు, బిల్లు, రసీదు, మళ్లీ లైను. అందులో గంటన్నర ఒక్క ప్రశ్నకే పోయింది: "డోనర్ ఏడండీ?" నాలుగు యూనిట్లు తీసుకుంటే బదులు ఎవరైనా రక్తం ఇవ్వాలట. నేనే చెయ్యి చాపాను. ఇదీ నేను అధికారుల దృష్టికి తేదలచిన ప్రధాన సాంకేతిక లోపం. డ్రోన్‌కు నాలుగు రెక్కలున్నా ఒంట్లో చుక్క రక్తం లేదు.

ఇంకో విషయం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఎంతో ప్రేమగా "ఐసు వేయించుకో తమ్ముడూ, కరిగిపోతాయి" అన్నాడు. ఎర్రరక్తాన్ని చల్లగా ఉంచాలి గానీ ప్లేట్‌లెట్లకు 20 నుంచి 24 డిగ్రీలుండాలి. ఐసు తగిలితే పాడవుతాయి. పైగా బ్లడ్ బ్యాంకులో వాటిని ఒక మిషన్ మీద పెట్టి రాత్రింబవళ్లు నెమ్మదిగా ఊపుతుంటారు. అలా ఊపినా వాటి ఆయుష్షు అయిదు రోజులే. ఊపడంలో మాత్రం మన రోడ్లు డ్రోన్‌కు ఏమీ తీసిపోవు. రైల్వే గేటు దాటాక వచ్చే మూడు గుంతల్లోనే ఆ మిషన్ చేసే పనంతా అయిపోయింది.

2023 మే నెలలో ఢిల్లీ దగ్గర ఐసీఎంఆర్ అనే జాతీయ వైద్య పరిశోధన సంస్థ వాళ్లు డ్రోన్‌లో పది యూనిట్ల రక్తం పంపి చూశారు. అంబులెన్సులో వచ్చిన దానికీ దీనికీ నాణ్యతలో తేడా ఉందేమోనని పోల్చారు. శాస్త్రీయంగా చాలా లోపమున్న ప్రయోగం. మూడో డబ్బా ఒక బావమరిది ఒళ్లో పెట్టి, ట్రిపుల్ రైడింగ్‌లో పంపి ఉండాల్సింది.

రువాండాను చూసి నేర్చుకోండని అనేవాళ్లున్నారు. చూశాను. అక్కడ 2016 నుంచి డ్రోన్లు రక్తం మోస్తున్నాయి. ఆస్పత్రి నుంచి డాక్టరు మెసేజ్ పెడితే గిడ్డంగిలో డబ్బా కడతారు, డ్రోన్ వెళ్లి ఆస్పత్రి ముందు చిన్న పారాచూట్‌తో జారవిడిచి, దిగకుండానే వెనక్కి తిరుగుతుంది. గడువు తీరి పారబోసే రక్తం మూడింట రెండు వంతులు తగ్గిందని 2022లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రిక వాళ్ల ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’లో లెక్క కూడా వచ్చింది. ఇదంతా బాగానే ఉంది. కానీ ఆ వాక్యం మళ్లీ చదవండి: డాక్టరు మెసేజ్ పెడితే. అంటే అక్కడ రక్తం అడగడం ఆస్పత్రి పని. అడిగేది ఆస్పత్రి, సమకూర్చేది ప్రభుత్వ రక్తనిధి, మధ్యలో పేషెంట్ తాలూకు ఎవరూ లేరు. బంధుప్రీతి అనేదే లేని సమాజం! అలాంటి దేశాన్ని మనకు ఆదర్శమంటారా?

స్విట్జర్లాండ్‌లో ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆస్పత్రుల మధ్య శాంపిళ్లు మోసే డ్రోన్ ఒకటి 2019 జనవరిలో జ్యూరిక్ సరస్సులో పడింది. మే నెలలో ఇంకోటి ఆడుకుంటున్న పిల్లలకు కాస్త దూరంలో కూలింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ వాళ్లు వెంటనే సర్వీసు ఆపేసి విచారణ మొదలెట్టారు. నేను ఆ రాత్రి మూడో గుంత దగ్గర బండితో సహా పడ్డాను. లేచి ముందు డబ్బా చూసుకున్నాను, తర్వాత మోకాలు చూసుకున్నాను. ఎవరూ విచారణ పెట్టలేదు. సర్వీసు ఆగలేదు.

మన్యంలో సంగతి వేరే అంటారు, అక్కడ డ్రోన్ తప్పనిసరి అంటారు. నిజమే, రోడ్డే లేనిచోట గుంతలు కూడా ఉండవు. పాడేరు కొండల్లో ఏ గూడెంలో పురుడొచ్చినా డోలీ కట్టి మోసేది మొగుడూ, అన్నదమ్ములూ, బావమరుదులే. పాముకాటు మందు పైనుంచి ఎగిరొస్తే మంచిదే, నిమిషాల మీద ప్రాణం ఆధారపడే వ్యవహారమది. అయితే ఆ డ్రోన్ మోసేది కొద్ది కిలోలే. నిండు చూలాలిని మోయదు. కాబట్టి పైన మందు, కింద డోలీ, రెండూ ఒకే దిక్కుగా వెళ్తుంటే డోలీ మోసేవాడు భుజం మార్చుకుంటూ ఒకసారి తలెత్తి చూసుకోవచ్చు. రోడ్డు వేస్తే ఆ దృశ్యం పోతుంది.

మా ఊళ్లోనూ ఆస్పత్రుల మధ్య డ్రోన్ తిప్పుతారని ఈమధ్య ఎవరో అంటే, బావకు ఫాలో-అప్ చూపించడానికి వెళ్లినప్పుడు అదే ఆస్పత్రి వాచ్‌మన్‌ను అడిగాను, దిగితే ఎక్కడ దిగుతుందని. ఆయన చుట్ట పక్కన పెట్టి ఆలోచించాడు.

"టెర్రస్ మీదనే దిగాల సార్. టెర్రస్‌కు తాళమేస్తం. తాళం సూపర్‌వైజర్ తాన ఉంటది."

"మరి డబ్బా కిందికి ఎవరు తెస్తారు?"

నన్నోసారి ఎగాదిగా చూశాడు.

"పేషెంట్ తాలూకు ఎవరో ఒకరు ఉంటరు గద సార్."