ఈఎఫ్‌ఎల్ ట్రోఫీలో అకాడమీ జట్లు: అభిమానులపై మోపిన నింద నిలవదు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌ను అనుసరించే మనవాళ్ల మధ్య కొంతకాలంగా ఒక వాదన విస్తృతంగా ప్రచారంలో ఉంది. దాని సారాంశం ఇది: పెద్ద క్లబ్బుల కుర్ర జట్లను (అకాడమీ జట్లను) కింది డివిజన్ల కప్పు అయిన ఈఎఫ్‌ఎల్ ట్రోఫీలోకి రానివ్వడం వల్లనే ఇంగ్లండ్ కుర్రాళ్లు ప్రపంచ విజేతలయ్యారు, చిన్న క్లబ్బులకు డబ్బు దక్కింది, ఫైనల్‌కు 85 వేల మంది వచ్చారు, స్పెయిన్, జర్మనీ ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది, కాబట్టి దీన్ని వ్యతిరేకించి మ్యాచ్‌లను బహిష్కరించిన అభిమానులది పాతకాలపు మొండితనం మాత్రమే. ఇందులో డబ్బు మాటకు కొంత ఆధారం ఉంది. మిగిలినవి తేదీలతో, లెక్కలతో పోల్చి చూస్తే తేలిపోతాయి.

ముందుగా ఈ పోటీ ఎవరిదో చెప్పుకోవాలి. 1983-84లో మూడో, నాలుగో డివిజన్ల క్లబ్బుల కోసం దీన్ని మొదలుపెట్టారు. ఎఫ్‌ఏ కప్‌లోనో లీగ్ కప్‌లోనో చివరిదాకా వెళ్లే అవకాశం దాదాపు లేని ఊళ్లకు లండన్‌లోని జాతీయ స్టేడియం వెంబ్లీలో ఒక కప్పు కోసం ఆడే దారి ఇదే. 2016-17లో లీగ్ వన్, లీగ్ టూలకు (ఇప్పటి మూడో, నాలుగో డివిజన్లకు) చెందిన 48 క్లబ్బులకు 16 అకాడమీ జట్లను కలిపి, మొత్తం 64 జట్ల పోటీగా మార్చారు.

ప్రపంచ విజేతల మాట తీసుకుందాం. 2017 అక్టోబర్ 28న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో ఇంగ్లండ్ అండర్-17 జట్టు రెండు గోల్స్ వెనకబడి కూడా స్పెయిన్‌ను 5-2తో ఓడించింది. ఆట మన దేశంలోనే జరిగింది కనుక చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ టోర్నీలో ఉత్తమ ఆటగాడు మాంచెస్టర్ సిటీకి చెందిన ఫిల్ ఫోడెన్; ఎనిమిది గోల్స్‌తో అగ్రస్థానంలో నిలిచినవాడు లివర్‌పూల్‌కు చెందిన రియాన్ బ్రూస్టర్. అయితే ట్రోఫీ కొత్త రూపంలో జరిగిన తొలి సీజన్‌లో ఆడడానికి నిరాకరించిన క్లబ్బుల్లో మాంచెస్టర్ సిటీ, లివర్‌పూల్ రెండూ ఉన్నాయి! అదే ఏడాది జూన్‌లో అండర్-20 జట్టు ప్రపంచకప్ గెలిచేనాటికి ఈ పద్ధతి వయసు ఒక్క సీజన్. పదేళ్లపాటు తీర్చిదిద్దిన ఆటగాడి ఎదుగుదలను నాలుగైదు మంగళవారం రాత్రుల ఖాతాలో వేయడం ఏ లెక్క ప్రకారమూ సరికాదు. కారణాలు వెతకాలంటే 2012లో అమల్లోకి వచ్చిన అకాడమీల సంస్కరణ, అదే ఏడాది తెరుచుకున్న సెయింట్ జార్జెస్ పార్క్ జాతీయ శిక్షణ కేంద్రం కళ్లముందే ఉన్నాయి.

కింది డివిజన్లు కుర్రాళ్లకు పాఠం నేర్పుతాయన్నది నిజమే, కానీ నేర్పే పద్ధతి వేరు. హ్యారీ కేన్ 2011లో లోన్‌పై లేటన్ ఓరియంట్‌కు వెళ్లి లీగ్ వన్‌లో ఆడాడు. జోర్డన్ పిక్‌ఫర్డ్ డార్లింగ్టన్, ఆల్‌ఫ్రెటన్, బర్టన్, కార్లైల్, బ్రాడ్‌ఫర్డ్ చుట్టూ తిరిగి గోల్‌కీపర్‌గా రాటుదేలాడు. అక్కడ వాళ్లు ఆ ఊరి చొక్కా వేసుకుని, ఆ ఊరి జనం కోసం, మూడు పాయింట్ల విలువ తెలిసిన పెద్దవాళ్ల పక్కన నిలబడి ఆడారు. తమ వయసు కుర్రాళ్లతోనే కలిసి, ఓడినా ఎవరికీ ఏమీ పోని మ్యాచ్‌ను ఆడటం దానికి సాటి రాదు.

డబ్బు సంగతికి వస్తే, గ్రూపు మ్యాచ్ గెలిచిన క్లబ్బుకు పది వేల పౌండ్లు ముట్టేవి. లీగ్ టూ క్లబ్బుకు అది చిన్న మొత్తం కాదు. దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ డబ్బు చిన్న క్లబ్బులను నిలబెడుతోందన్న మాట వేరు. బరీ క్లబ్ 2018-19లో ఈ ట్రోఫీ సెమీఫైనల్ దాకా వెళ్లింది. కొద్ది నెలలకే, 2019 ఆగస్టు 27న, ఆర్థికంగా కుప్పకూలి లీగ్ నుంచే బహిష్కరణకు గురైంది. పైస్థాయి డబ్బు కిందికి చేరాలని అభిమానులూ కోరుతున్నారు. ఆ వాటాకు బదులుగా తమ కప్పును అప్పగించాలన్న షరతునే వారు తప్పుపడుతున్నారు.

85 వేల మంది లెక్క మరీ తప్పుదోవ పట్టించేది. 2019 ఫైనల్‌కు 85,021 మంది వచ్చిన మాట వాస్తవం. వచ్చింది పోర్ట్స్‌మత్, సండర్లాండ్ అభిమానులు. రెండూ అప్పుడు లీగ్ వన్ క్లబ్బులే. అకాడమీ జట్ల ఊసే లేని 1988లో, నాలుగో డివిజన్‌లో ఉన్న వుల్వ్స్, బర్న్‌లీ ఇదే కప్పు కోసం తలపడితే వెంబ్లీకి 80,841 మంది వచ్చారు. 2018లో చెల్సీ కుర్ర జట్టు సెమీఫైనల్ చేరి పెనాల్టీ షూటౌట్‌లో లింకన్ చేతిలో ఓడింది. ఆ రాత్రి చెల్సీ గెలిచి ఉంటే వెంబ్లీలో ఒక వైపు ఎవరు కూర్చునేవారో ఈ వాదన చేసేవారు చెప్పాలి.

స్పెయిన్, జర్మనీల ఉదాహరణ వాళ్లకే ఎదురు తిరుగుతుంది. ఆ దేశాల్లో క్లబ్బుల రిజర్వు (రెండో) జట్లు లీగ్‌లో ఆడతాయి, నిజమే. మరి కప్పులో? 1980లో రియల్ మాడ్రిడ్ రిజర్వు జట్టు కాస్తియా స్పెయిన్ జాతీయ కప్పు కోపా డెల్ రే ఫైనల్‌కు చేరి, సొంత మాతృ క్లబ్బు చేతిలోనే 6-1తో ఓడింది. 1990-91 నుంచి స్పెయిన్ రిజర్వు జట్లను ఆ కప్పులోకి రానివ్వడం లేదు. జర్మనీలో హెర్తా బెర్లిన్ రెండో జట్టు 1993లో కప్ ఫైనల్ ఆడింది. 2008 నుంచి అక్కడా తలుపులు మూశారు. అంటే, ఆదర్శంగా చూపిస్తున్న రెండు దేశాలూ ఇలాంటి జట్లను కప్పు పోటీ నుంచి బయట పెట్టిన తరువాతే ఇంగ్లండ్ వాటిని తన కప్పులోకి తెచ్చుకుంది.

చివరిగా మొండితనం ఆరోపణ. అభిమానుల అనుమానం గాలిలోంచి పుట్టలేదు. 2014 మేలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏ) అప్పటి అధ్యక్షుడు గ్రెగ్ డైక్ నాయకత్వంలోని ఎఫ్‌ఏ కమిషన్, పెద్ద క్లబ్బుల బి జట్లతో కలిపి లీగ్ త్రీ అనే కొత్త డివిజన్ ఏర్పాటు చేయాలని బహిరంగంగానే ప్రతిపాదించింది. అది తిరస్కరణకు గురైన రెండేళ్లకు అవే క్లబ్బుల కుర్రాళ్లు ట్రోఫీలోకి వచ్చారు. ఇక తొలి సీజన్ నిబంధనలు చూడండి. అకాడమీ జట్టు కుర్రాళ్లతో రావచ్చు. చిన్న క్లబ్బు మాత్రం కనీసం ఐదుగురు మొదటి జట్టు ఆటగాళ్లను దింపాలి. లూటన్ తన కుర్రాళ్లకు అవకాశం ఇచ్చినందుకు 15 వేల పౌండ్ల జరిమానా కట్టింది. ఆ సీజన్‌లోనే బ్రాడ్‌ఫర్డ్ ఆ నిబంధన తీర్చడానికి గోల్‌కీపర్ కాలిన్ డోయల్‌ను మైదానంలోకి దింపి మూడో నిమిషంలోనే వెనక్కి పిలిచింది. యువ ప్రతిభ కోసమే ఈ మార్పు అని చెప్పిన పోటీలో, సొంత ఊరి యువకులను ఆడించినవాడు నేరస్థుడయ్యాడు. దీన్ని చూసి టికెట్ కొనకుండా ఇంట్లో కూర్చున్న అభిమానిని నేను తప్పుపట్టలేను.

నిజానికి అభిమానులు పోటీని 48 క్లబ్బులకే పరిమితం చేయాలని కూడా పట్టుబట్టనక్కర్లేదు. 2000-01 నుంచి 2005-06 వరకు ఇదే ట్రోఫీలో లీగ్ వెలుపలి కాన్ఫరెన్స్ క్లబ్బులు ఆడాయి. వాటికి సొంత మైదానాలు ఉన్నాయి, సొంత జనం ఉన్నారు, గెలిస్తే వెంబ్లీకి బస్సులు కట్టించుకుని వచ్చే ఊళ్లు ఉన్నాయి. అకాడమీ జట్లకు ఇచ్చిన ఆ పదహారు స్థానాలు వాటికి ఇవ్వవచ్చు.