కాలికి బలపం కట్టుకున్న ఫైలు గారికి

మహారాజశ్రీ ఫైలు గారికి,

చెన్నై కోడంబాక్కం నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మా అమ్మ కావలి చేరి కోలుకుంటోంది. తమరు ఎక్కడున్నారో తెలియదు గానీ, ఎవరి బల్ల మీదో ఎవరి సంతకం కోసమో హాయిగా పడుకుని ఉంటారని నమ్మకం.

గుర్తుపట్టారా? ఆసుపత్రి మూడో అంతస్తు, పదహారో మంచం, మా అమ్మకు పిత్తాశయంలో రాళ్ళు. తమరిది నీలి అట్ట, దాని మీద ఎవరో టీ కప్పు పెట్టిన గుండ్రటి మచ్చ. ఆపరేషన్ చక్కగా జరిగింది. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు. మూడో రోజుకల్లా అమ్మ వరండాలో నడుస్తూ పక్క మంచాలవాళ్ళ కాపురాల సంగతులన్నీ సేకరించింది. ఆ ఉదయం ఎనిమిదీ నలభైకి పెద్ద డాక్టరు గారు రౌండ్స్‌కి వచ్చి, పొట్ట నొక్కి చూసి, "ఇక ఇంటికి వెళ్ళవచ్చమ్మా" అన్నారు. అమ్మ వెంటనే చీర మార్చుకుంది. మధ్యాహ్నం సెంట్రల్ నుంచి బయలుదేరే పినాకినిలో రెండు టికెట్లు నేను ముందే తీసి ఉంచాను. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ కూడా అంత అమాయకుణ్ణి.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. పూజారి తమరేనని, తమరు అన్ని బల్లలూ తిరిగి వస్తేగానీ అమ్మను ఇంటికి పంపరని పదింటికి తెలిసింది.

తమరు ముందు డ్యూటీ డాక్టరు గారి దగ్గరకు వెళ్ళారు. ఆయన అత్యవసర విభాగంలో ఉన్నారు కాబట్టి తమరు ఆయన కుర్చీలో కూర్చున్నారు. తరువాత టైపు చేసే అమ్మాయి. తరువాత, మిగిలిన సూదులూ సెలైన్ సీసాలూ వాపసు లెక్క చూసుకునే ఫార్మసీ. ఆపైన ల్యాబు, స్కానింగ్ గది, అమ్మకు అడుగులు వేయించిన ఫిజియోథెరపీ. చివరికి బీమా బల్ల. ఎప్పుడు అడిగినా సిస్టర్ గారు, పాపం, నవ్వుతూనే "వందిట్టిరుక్కు" అన్నారు. వస్తూనే ఉందట. మూడు రోజుల క్రితం పొట్ట కోయించుకున్న మనిషి మంచం అంచున చెప్పులు వేసుకుని కూర్చుంది. ఏ రోగమూ లేని తమరు మాత్రం లిఫ్టులో తిరిగారు.

తమరి రాకపోకలను నమ్మిన విభాగం ఆ భవనంలో ఒక్కటే, వంటగది. డిశ్చార్జ్ అన్న మాట చెవిన పడగానే పదహారో మంచానికి మధ్యాహ్నం భోజనం ఆపేశారు. వార్డులో సూదుల చీటీకి మాత్రం ఆ కబురు అందలేదు. అమ్మకు ఇరవై ఏళ్ళుగా షుగర్. పన్నెండున్నరకు రోజూలాగే ఒక సిస్టర్ వచ్చి, చీటీ చూసి, కొలత సరిచూసి, ఇన్సులిన్ వేసి వెళ్ళారు. అన్నం రాలేదు. నేను కింద బిల్లింగ్ కౌంటర్ వరుసలో ఉన్నాను. ఒకటింబావుకు పైకి వచ్చేసరికి అమ్మకు చెమటలు, చేతుల్లో వణుకు. వార్డులో ఉన్న ఆయమ్మది ఈ ఊళ్ళోనే మింట్ అనే పేట దగ్గర ఇల్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆమె ఎవరినీ అడగకుండా గ్లాసులో పంచదార నీళ్ళు కలిపి తాగించింది. ఆ తరువాత వేలు గుచ్చి చూస్తే షుగర్ 58, బాగా తక్కువ. ఆయమ్మ తన డబ్బాలోని పెరుగన్నం కూడా పెట్టింది. ఆ పెరుగన్నం గురించి తమరిలో ఎక్కడా నమోదు కాలేదు, వెతికి చూశాను.

నేను అరిచాను. ఎవరి మీద అరవాలో తెలియక అందరి మీదా అరిచాను. తరువాత సిగ్గుపడ్డాను. వంటగదివాళ్ళది తప్పా? వెళ్ళిపోయే మనిషికి అన్నం వండకూడదు. సిస్టర్ గారిది తప్పా? వేళకు సూది వేయకపోతే అదీ తప్పే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం. అన్నానికీ సూదికీ మధ్య ఒక ముడి ఉండాలి. అది వేయాల్సిన పని ఎవరికీ అప్పజెప్పలేదు. ఆ ఖాళీలోనే కదా తమరి కాపురం!

ఇలాంటి ముడి వేయడం చేతకాక కాదు. అదే ఆసుపత్రిలో, రెండంతస్తులు పైన, ఆపరేషన్ గదిలో మీ దాయాది ఒకరున్నారు. ఒక్క పేజీ కాగితం. మత్తు ఇచ్చే ముందు ఒకరు దాన్ని బిగ్గరగా చదువుతూ అమ్మను పేరు, ఏ ఆపరేషన్, ఏ మందు పడదు అని అడిగారట. మూడుసార్లు అడిగేసరికి, "పేరు కూడా తెలుసుకోకుండానే కోయడానికి తయారయ్యారా?" అని అమ్మకు కోపం వచ్చింది. ఆ కాగితం మూలరూపం ప్రపంచ ఆరోగ్య సంస్థది, పందొమ్మిది అంశాలు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షించి 2009లో ఫలితం ప్రకటించారు. ఆపరేషన్ తరువాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు, కాగితం మాత్రమే. తమరు కూడా కాగితమే కదా, ఎప్పుడైనా అసూయ కలగలేదా?

ఇంకో బంధువు అమెరికాలో, మిషిగన్‌లో. అక్కడి ఐసీయూల్లో మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి గొట్టం పెట్టేటప్పుడు చేయాల్సినవి ఐదే ఐదు పనులని రాశారు. చేతులు కడుక్కోవడం, చర్మం శుభ్రం చేయడం లాంటివే, తెలియని డాక్టరు ఉండడు. కానీ ఒక్క మెట్టు వదిలేసినా, డాక్టరు ఎంత పెద్దవాడైనా సరే, ఆగమని చెప్పే అధికారం నర్సు చేతికి ఇచ్చారు. 2006లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఆ గొట్టాల వల్ల వచ్చే రక్త ఇన్‌ఫెక్షన్ల మధ్యస్థ రేటు, అంటే ఐసీయూలన్నీ వరుసలో పెడితే నడిమిదాని లెక్క, మూడు నెలల్లో సున్నాకు చేరింది. మా సిస్టర్ గారి చీటీలో "పళ్ళెం మంచం దగ్గరకు వచ్చిందా?" అని ఒక్క గీత ఉంటే చాలేది.

అంత దూరం ఎందుకు, రాత్రి రైలు ఎక్కితే తెల్లారేసరికి మదురై. అక్కడ అరవింద్ కంటి ఆసుపత్రిని డాక్టర్ వెంకటస్వామి గారు 1976లో పదకొండు మంచాలతో మొదలుపెట్టారు. కీళ్ళవాతంతో ఆయన వేళ్ళు వంకరపోయాయి, ఆ వేళ్ళతోనే శుక్లాలు తీశారు. అక్కడ సర్జన్ పక్కన రెండు బల్లలు ఉంటాయి. ఒక కన్ను పూర్తయ్యేసరికి రెండో బల్ల మీద రోగి సిద్ధం, డాక్టరు అటు తిరిగితే చాలు. ఎవరి కోసం ఎవరు ఆగాలో ముందే ఆలోచించి కూర్చిన పద్ధతి అది. మా మూడో అంతస్తులో అందరూ తమరి కోసం ఆగారు.

పోనీ, మన భవనంలో ఆలోచన అనేదే లేదందామా? బిల్లు చూశాక ఆ మాట అనలేను. పదకొండు పేజీలు. మూడో రోజు తెల్లవారుజామున వాడిన రెండు దూది ఉండలు కూడా అందులో ఉన్నాయి, వేళతో సహా. చేతులు మారినా, షిఫ్టు మారినా, అంతస్తు మారినా ఒక్క గ్లవ్స్ జత కూడా జారిపోలేదు. అమ్మకు అన్నం అందిందో లేదో తెలియని భవనానికి ఆమెకు ఎన్ని గ్లవ్స్ వాడారో తెలుసు. ఆ పద్ధతి కూర్చిన మహానుభావుడెవరో గానీ, ఆయన్ను ఒక్క వారం వార్డుకు పంపండి.

బీమా బల్ల దగ్గర నేను చట్టం కూడా మాట్లాడాను. డిశ్చార్జ్ కోసం ఆసుపత్రి కోరిన మూడు గంటల్లో బీమా సంస్థ తుది అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. కౌంటర్‌లోని అబ్బాయి ఎంతో మర్యాదగా, "అవునండీ, మా నుంచి కోరిక వెళ్ళాక మూడు గంటలు. వెళ్ళాలంటే ఫైలు రావాలి కదా?" అన్నాడు. గడియారం మొదలయ్యేది తమరి పాదస్పర్శతోనన్న మాట. తమరు అక్కడికి చేరింది మూడున్నరకు. అప్పటికి పినాకిని గూడూరు దాపులకు పోయి ఉంటుంది.

రాత్రి ఏడింటికి తమరి సారమంతా రెండు పేజీలుగా అమ్మ చేతిలో పెట్టి పంపారు. అందులో కొత్త బీపీ మాత్ర ఒకటి, కింద "పాత మందులు కొనసాగించాలి" అన్న వాక్యం ఒకటి. మర్నాడు కారు మాట్లాడుకుని కావలి వెళ్ళాక, మందుల షాపు అబ్బాయి రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. పేర్లు వేరు, లోపలిది రెండింట్లోనూ టెల్మిసార్టాన్ అనే ఒకే బీపీ మందు. డాక్టరు గారికి ఫోను చేస్తే, "అయ్యో, ఒకటే వేసుకోమనండి" అన్నారు. మంచి మనిషి. పాత మాత్ర పేరు ఆసుపత్రిలో చేరిన రోజే అమ్మ చెప్పింది, తమరి మొదటి పేజీలో రాశారు కూడా. చివరి పేజీ రాసేవారు మొదటి పేజీ తిప్పాలని తమరిలో ఎక్కడా లేదు.

ఇట్లు,
పదహారో మంచం తాలూకు మనిషి

తా.క.: ఇంటికి వచ్చాక కవరు విప్పితే మా కాగితాల మధ్య ఎవరో పెద్దాయన రక్త పరీక్ష రిపోర్టు ఉంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగా ఎక్కువగా కనిపిస్తోంది. ఆసుపత్రికి ఫోను చేస్తే, ఫైలు చూసి చెబుతామన్నారు. మర్నాడు నేనే తీసుకెళ్ళి వార్డులో ఇచ్చి, అందినట్లు సంతకం అడిగాను. దానికి ఫారం లేదన్నారు. అమ్మ మాత్రం రోజూ ఒకటే అడుగుతోంది, "మరి నాది ఎవరింట్లో ఉందిరా?" అని.