పొలంలో ఆకు, ఫోటోలో ఆకు

విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి కృత్రిమ మేధతో సమాజ సమస్యలకు పరిష్కారాలు వెతకాలని ఒక వ్యాసంలో చదివిన సూచన నాకు నచ్చింది; అయితే నమూనా (ఉదాహరణలు చూసి నేర్చుకుని, కొత్తవాటిని గుర్తించే ప్రోగ్రామ్) తయారుచేయడం దగ్గరే ఆ వ్యాసంలో చర్చ ఆగిపోయిందనిపించింది. ఇప్పుడు ఆ పని కష్టమేమీ కాదు. గూగుల్ 2017లో తొలిసారి విడుదల చేసిన టీచబుల్ మెషీన్ వంటి ఉచిత సాధనంతో, ఒక్క వరుస కోడ్ రాయకుండానే, హైస్కూలు పిల్లలు సైతం చెత్తలోని ప్లాస్టిక్‌ను, కాగితాన్ని వేరుగా గుర్తించే నమూనాను తయారుచేయగలరు. అసలు చిక్కంతా ఆ తరువాతే.

పంట తెగుళ్లను గుర్తించే ఒక ప్రసిద్ధ ప్రయోగాన్నే చూడండి. ప్లాంట్‌విలేజ్ అనే ఆకుల చిత్రాల సేకరణలోని 54,306 చిత్రాలతో చేసి 2016లో ప్రచురించిన ఆ పరిశోధనలో, అదే సేకరణ నుంచి నేర్పడానికి వాడకుండా పక్కన పెట్టిన చిత్రాలను నమూనా 99.35 శాతం కచ్చితత్వంతో గుర్తించింది. వేరే పరిస్థితుల్లో తీసిన చిత్రాలు ఇచ్చేసరికి అది 31 శాతం దగ్గరికి పడిపోయింది. సేకరణలోని ఆకు ఒంటరిగా, సాదా నేపథ్యం మీద ఉంటుంది. చేలోని ఆకు మీద దుమ్ము, పక్క కొమ్మ నీడ, ఒక్కోసారి ఫోటో తీసినవారి వేలు కూడా ఉంటాయి.

అందుకే "ఈ ఫోటోలు ఎక్కడ, ఏ వేళలో, ఎవరు తీశారు?" అని అడిగే ఉపాధ్యాయుడు కావాలి. (సైన్సు మాస్టారి కంటే సాంఘిక శాస్త్రం మాస్టారే దీన్ని బాగా అడుగుతారేమో.) సమస్యను అనుభవిస్తున్న రైతునో పారిశుద్ధ్య కార్మికురాలినో చివరి రోజు ప్రదర్శనకు అతిథిగా కాక, మొదటి రోజే తరగతికి పిలిస్తే, కొన్ని ప్రాజెక్టులకు కృత్రిమ మేధ అవసరమే లేదని తేలవచ్చు, అలా తేల్చిన పిల్లలకు మార్కులు తగ్గించకూడదు.