డిస్కు గడప దాటదు

ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లోని మా ఇంట్లో ముందుగది గోడ ఒకటి మొత్తం మా వారి డిస్కులదే. లెక్కంతా ఆయన నోట్‌బుక్‌లో ఉంటుంది: సినిమాలు 412, గేములు 67, బ్రిటిష్ కామెడీ సెట్లు 38. కామెడీ మధ్య అరలో ఉంటుంది, సోఫాలోంచి లేవకుండా చెయ్యి చాపితే అందేలా. ఆఫీసు పనిమీద మూడు నెలలకని వచ్చిన మా తమ్ముడు వచ్చే శనివారం హైదరాబాద్ వెళ్ళిపోతున్నాడు. పోతూ పోతూ నాన్న కోసం, మంత్రుల్నీ వాళ్ళని ఆడించే ఆఫీసర్లనీ ఎగతాళి చేసే 'యెస్ మినిస్టర్' సెట్టు, తన కోసం ఇంకో పదో పదిహేనో పట్టుకెళ్తానన్నాడు. ఈయన ఇవ్వనన్నారు. ఆదివారం, బయట వాన. పకోడీల ప్లేటు మధ్యలో పెట్టుకుని ఇద్దరూ మొదలెట్టారు. నేను రెండో వాయి వేస్తూ విన్నది విన్నట్టు రాస్తున్నాను. తీర్పు నాది కాదు. అలాగని నోరు మూసుకుని కూర్చుంటానని కూడా అనలేదు.

బావమరిది: బావా, ఇవన్నీ మీరు చూసేసినవే కదా. చూసేసినవాటిని గోడకి ఆనించి ఏం చేస్తారు?

బావ: అదిగో, ఆ నోట్‌బుక్ తియ్యి. 2009 దగ్గర చదువు. పైకి చదువు.

బావమరిది: "జూన్ 14. బ్లాక్ యాడర్, మొత్తం సెట్టు. తీసుకున్నది పాత ఆఫీసు ఫ్రెండు. తిరిగి వచ్చింది 2011 మార్చి. మూడో డిస్కు లేదు. దాని బదులు వాళ్ళ పాప మొదటి పుట్టినరోజు వీడియో."

(ఆ పాపకి ఇప్పుడు పదిహేడు నిండి ఉంటాయి. కేకు మీద చెయ్యి పెట్టేసి ఏడుస్తున్న వీడియో మాత్రం మా మధ్య అరలోనే ఉంది. ఇచ్చేద్దామంటే వాళ్ళు ఊరు మారారు.)

బావ: అప్పట్నుంచీ ఈ ఇంట్లో ఒకటే రూలు. డిస్కు గడప దాటదు. చూడాలంటే రండి, కూర్చోండి, టీ తాగండి, చూడండి. నేను పిసినారిని కాదోయ్. నెలకో శుక్రవారం ఈ గదిలో ఎంతమంది కూర్చుంటారో మీ అక్కని అడుగు.

నేను: ఎంతమందికి టీ పెడతానో కూడా అడగమనండి.

బావమరిది: అది ఇవ్వడం కాదు బావా, చూపించడం. గుళ్ళో దేవుడి నగల్లాగ. సరే, డిస్కులు వద్దు. ఒక హార్డ్ డిస్క్ కొంటాను, అన్నీ కాపీ చేసుకుంటాను. మీ అరలో ఒక్కటీ కదలదు. మీకొచ్చే నష్టమేంటి?

బావ: ఈ దేశంలో కొన్న డిస్కుని నా కోసం నేను కాపీ చేసుకోవడం కూడా చట్టప్రకారం కుదరదు. 2014 అక్టోబరులో ఒక మినహాయింపు ఇచ్చారు, సొంత వాడకానికి కాపీ చేసుకోవచ్చని. పాటలవాళ్ళు కోర్టుకెళ్ళారు. 2015 జూలైలో హైకోర్టు ఆ మినహాయింపుని కొట్టేసింది. తొమ్మిది నెలల ముచ్చట. నాకే లేని హక్కు నీకెక్కడిది?

బావమరిది: మిమ్మల్ని ఎవరొచ్చి పట్టుకుంటారు బావా!

బావ: బాబ్ మంక్‌హౌస్‌ని పట్టుకున్నారుగా. ఆయన ఇక్కడ ఇంటింటికీ తెలిసిన కమెడియన్, టీవీలో క్విజ్‌లు నడిపినవాడు. పాత సినిమా రీళ్ళు పోగేసేవాడు, ఇంటికి జనాన్ని పిలిచి వేసి చూపించేవాడు. సినిమా పంపిణీదారుల డబ్బు ఎగ్గొట్టాడని 1979లో ఓల్డ్ బెయిలీ కోర్టుకి ఈడ్చారు. అయిదు రోజులు విని జడ్జిగారు కేసులో పస లేదని పంపేశారనుకో. ఆ అయిదు రోజులూ నేను పడలేను.

(ఇక్కడ మా తమ్ముడు పకోడీ కింద పెట్టాడు. వాడు పకోడీ కింద పెట్టాడంటే పాయింటు దొరికిందని అర్థం.)

బావమరిది: ఆయన కథ సగమే చెప్పారు మీరు. మిగతా సగం మొన్న మీరే చెప్పారు నాకు. ఆయన 2003లో పోయాక ఇంట్లో ఎన్ని టేపులు బయటపడ్డాయి?

బావ: వీడియో టేపులే ముప్ఫై ఆరు వేలు.

బావమరిది: అందులో ఏముంది?

బావ: పోయాయనుకున్న షోలు.

బావమరిది: అదీ సంగతి! టీవీ కంపెనీ తన సొంత టేపులు తానే చెరిపేసుకుంటే, ఇంట్లో దాచుకున్నవాడి దగ్గర మిగిలాయి. కంపెనీలూ చట్టాలూ కామెడీని కాపాడలేదు బావా. పిచ్చివాళ్ళు కాపాడారు. మీలాంటివాళ్ళు.

బావ: పొగుడుతున్నావో తిడుతున్నావో తెలియడం లేదు. కానీ ఆ మాట నా పక్షానిదే. ఆ రోజుల్లో టేపు ఖరీదు. ఒకదాని మీద ఇంకోటి రికార్డు చేసేసేవారు. పీటర్ కుక్, డడ్లీ మూర్ అనే కమెడియన్లు చేసిన 'నాట్ ఓన్లీ బట్ ఆల్సో' షో చాలా భాగం అలాగే పోయింది. టేపుల ఖర్చు నేనే పెట్టుకుంటానని కుక్ అడిగాడంటారు. అయినా ఇవ్వలేదు. మంక్‌హౌస్ టేపులు మిగిలాయంటే, ఆయన ఊరందరికీ పంచిపెట్టలేదు కాబట్టి మిగిలాయి.

బావమరిది: మరి 'డాడ్స్ ఆర్మీ'? రెండో ప్రపంచ యుద్ధంలో ముసలివాళ్ళతో కట్టిన ఊరి కాపలా దళం. ఎనభై ఎపిసోడ్లు. రెండో సిరీస్‌లో కొన్ని చెరిపేశారు. 2001లో రెండు దొరికాయి. ఎలా దొరికాయి? ఎవరి దగ్గరో ఉన్న ఫిల్ము డబ్బాలు వాళ్ళు తెచ్చి ఇచ్చారు కాబట్టి. మూడు ఇప్పటికీ దొరకలేదు. ఏమో, ఆ మూడూ మీలాంటి బావ ఎవరో అల్మారాలో పెట్టి తాళం వేసుకున్నారేమో!

(ఈ మాటకి ఈయన కాసేపు ఏమీ అనలేదు. లేచి కర్టెన్ సర్దారు. సర్దడానికి అక్కడేం లేదు.)

బావ: సరే, నీ సంగతికి వద్దాం. నీ దగ్గర గేములు ఎన్ని?

బావమరిది: స్టీమ్‌లో, అదే ఆన్‌లైన్ గేముల కొట్టులో, రెండొందలు దాటాయి. మీలా ఒకటి ఇస్తే ఒకటి పోయే బాధ లేదు. ఫ్యామిలీ గ్రూప్ పెట్టుకుంటే ఆరుగురం వాడుకోవచ్చు. మా పిన్ని కొడుకు వరంగల్‌లో కూర్చుని నా గేములు ఆడుతున్నాడు.

బావ: వాడు నీ గేములో మోసం చేసి దొరికితే?

బావమరిది: వాడిని బ్యాన్ చేస్తారు.

బావ: నిన్ను కూడా చేస్తారు, ఆ గేములో. రూల్సు చదివావా? నా ఫ్రెండు డిస్కు మీద గీత పెడితే డిస్కు ఒక్కటే పోతుంది. నీ తమ్ముడు తప్పు చేస్తే నువ్వూ పోతావు. అసలు అవి నీవేనా? 'ద క్రూ' అని కార్ల గేము, డబ్బులిచ్చి కొన్నారు జనం. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డిస్కు చేతిలో ఉన్నవాడికి కూడా గేము లేదు. నువ్వు పంచేది నీ సొత్తు కాదోయ్. అద్దె కొంపలో ఉంటూ పక్క గది ఇంకొకడికి అద్దెకిచ్చినట్టు.

బావమరిది: మీ డిస్కులు మాత్రం శాశ్వతమా? 2006, 2008 మధ్య వచ్చిన వార్నర్ బ్రదర్స్ డీవీడీలు కొన్ని లోపలే పాడైపోతున్నాయని ఆ కంపెనీయే ఒప్పుకుంది. మీ అరలో ఎన్ని ఉన్నాయో చూసుకోండి. పంచుకోకుండా దాచినా పోతాయి బావా.

(చూశారు. అప్పుడే లేచి, కళ్ళద్దాలు పెట్టుకుని, మూడు కేసులు తెరిచి, డిస్కుల్ని ట్యూబ్‌లైటుకి ఎత్తి చూశారు. బాగానే ఉన్నాయి. అయినా మొహం మామూలవడానికి ఇంకో రెండు పకోడీలు పట్టాయి.)

బావ: గేములూ సినిమాలూ వదిలెయ్. కామెడీ సంగతి వేరు. అది సామానులా చేతికిచ్చేసేది కాదు. పక్కన కూర్చోవాలి. బ్లాక్ యాడర్ ఎవరికైనా ఇస్తే బుద్ధిగా మొదటి సిరీస్ నుంచి మొదలెడతారు. అది అంత బాగుండదు. రెండు ఎపిసోడ్లు చూసి, "ఏముంది ఇందులో" అని తిరిగిచ్చేస్తారు. నేను పక్కనుంటే రెండో సిరీస్ నుంచి వేస్తాను. నాలుగోది, మొదటి ప్రపంచ యుద్ధం ఖందకాల్లో జరిగేది, ఆఖరి అయిదు నిమిషాలు ఎవర్నీ మాట్లాడనివ్వను. ఇది నోట్‌బుక్‌లో రాసి ఇవ్వలేను కదా.

బావమరిది: వాట్సాప్‌లో చెప్పొచ్చు.

బావ: ఇంకో విషయం. నా దగ్గర 'మైండ్ యువర్ లాంగ్వేజ్' ఉంది, లండన్‌లో రకరకాల దేశాలవాళ్ళు ఇంగ్లీషు నేర్చుకునే క్లాసు కథ. చూశావా?

బావమరిది: చూడకేం! మన దూరదర్శన్‌లో పంకజ్ కపూర్ చేసిన 'జబాన్ సంభాల్ కే' దాన్నుంచి తీసిందే కదా. రంజీత్ సింగ్, అలీ, జమీలా... నాకు చాలా ఇష్టం.

బావ: నాకూ నవ్వొస్తుంది. కానీ ఆ సెట్టు నేను ఇక్కడి దొరలెవరికీ ఇవ్వలేదు, చూపించలేదు. శుక్రవారం అది చూసి నవ్విన మా ఆఫీసువాడు, సోమవారం మీటింగులో నేను నోరు విప్పగానే ఎవరిని గుర్తు చేసుకుంటాడు? అదే 'గుడ్‌నెస్ గ్రేషియస్ మీ' అనుకో, అడగకపోయినా చూపిస్తాను. మన సంజీవ్ భాస్కర్, మీరా స్యాల్ వాళ్ళది, 1998లో టీవీకి వచ్చింది. తాగేసిన ఇండియన్ల గుంపు ఇంగ్లీషు హోటలుకి వెళ్ళి, అన్నిటికంటే చప్పగా ఉండేది ఏదో అది తెమ్మని వెయిటర్ని ఏడిపిస్తారు. మా మేనేజరు అది చూసి నవ్వాడు, తర్వాత కాస్త ఎర్రబడ్డాడు. అదీ పంచుకోవడమంటే. ఎవరికి ఏది, ఎప్పుడు, అని తెలియాలి. అన్నీ హార్డ్ డిస్కులో కుమ్మరించి నీకిస్తే, నువ్వు ఇంకో పదిమందికిస్తే, ఆ తెలివి ఎక్కడుంటుంది?

(దీనికి మా తమ్ముడి దగ్గర జవాబు లేదు. నాకు మాత్రం ఉంది. పదిమంది చూసి పదిరకాలుగా తప్పుగా నవ్వినా, అసలు చూడకపోవడం కంటే నయమే. పకోడీలు మాడిపోతున్నాయని చెప్పలేదు.)

బావమరిది: ఒప్పుకున్నాను. మీరు పక్కన ఉంటే బాగుంటుంది. నాన్నకి మీరు పక్కనుండి చూపించారు పోయిన వేసవిలో. సెక్రటేరియట్‌లో ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళు నడిపిన మనిషి. యెస్ మినిస్టర్‌లో ఆఫీసరు హంఫ్రీ గారు మంత్రితో, మీది చాలా సాహసమైన నిర్ణయం సార్ అనగానే మంత్రి మొహం పాలిపోవడం చూసి, పక్కటెముకలు పట్టుకుని నవ్వారట. అక్క ఫోన్లో చెప్పింది.

బావ: నవ్వడమా! "మా జాయింట్ సెక్రటరీ అచ్చం ఇంతే అల్లుడుగారూ" అని, ఆపమని, వెనక్కి తిప్పమని, మళ్ళీ చూశారు. మొత్తం ముప్ఫై ఎనిమిది ఎపిసోడ్లు, 'యెస్ ప్రైమ్ మినిస్టర్'తో కలిపి. సగం కూడా కాకుండానే టికెట్ తేదీ వచ్చేసింది. మిగతావి ఈసారి వచ్చినప్పుడు అన్నారు.

బావమరిది: ఈసారి రారు బావా. మోకాళ్ళు. లిఫ్టు ఆగిపోతే రెండో అంతస్తు ఎక్కలేకపోతున్నారు. పది గంటల విమానం ఎక్కుతారా? మీ గదికి రాగలిగినవాళ్ళే నవ్వాలంటే, నాన్న లెక్కలో లేనట్టే.

(వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను స్టవ్ ఆపాను.)

బావ: ...మీ ఇంట్లో ప్లేయర్ ఉందా?

బావమరిది: పాతది ఉంది. ఎందుకు?

బావ: అందులో ఇవి ఆడవు. డీవీడీలకి ప్రాంతాల తాళం ఉంటుంది: ఇక్కడి డీవీడీలు రీజియన్ 2, మన దేశానివి రీజియన్ 5. నువ్వు పట్టుకెళ్ళినా మామగారు చూసేది ఎర్రర్ మెసేజే. అది చెబుదామనే ఇందాకట్నుంచీ...

నేను: ఇందాకట్నుంచీ చట్టం చెప్పారు, కోర్టు చెప్పారు. ఇది మాత్రం ఇప్పుడు చెబుతున్నారు.

బావ: చెప్పనివ్వండి. టీవీ కింద ఉన్న ఆ ప్లేయర్ పట్టుకుపో. కరెంటు రెండు చోట్లా ఒకటే. ప్లగ్గుకి అడాప్టర్ నేనిస్తాను. మాకు గేముల మెషిన్‌లో డిస్కులు ఆడతాయి. యెస్ మినిస్టర్ ఒక్కటే. ఫాల్టీ టవర్స్ అడగకు. మొత్తం పన్నెండే ఎపిసోడ్లు, అందులో ఒక్క డిస్కు పోయినా...

బావమరిది: అడగను. ఇప్పుడు అడగను.

(ఆయన నోట్‌బుక్ తీసి తేదీ వేశారు. వస్తువు: యెస్ మినిస్టర్ సెట్టు, ప్లేయర్, రిమోట్. తీసుకున్నవారు: మామగారు. తిరిగి రావలసిన తేదీ గడి దగ్గర పెన్ను ఆగింది. కాసేపు చూసి మూత పెట్టేశారు. మా తమ్ముడు సెట్టు తెరిచి డిస్కులు లెక్కపెట్టడం మొదలెట్టాడు.)

బావమరిది: బావా, రెండోది లేదు. ఎవరికిచ్చారు?

బావ: నేనెవరికీ ఇవ్వను.

(అందరం ప్లేయర్ వైపు చూశాం. తమ్ముడు బటన్ నొక్కితే ట్రే బయటికి వచ్చింది. డిస్కు అందులోనే ఉంది, పోయిన ఆగస్టు నుంచి.)

బావ: ఉండనివ్వు, తియ్యకు. ఆపిన చోటు నుంచి మొదలవుతుంది.

బావమరిది: ప్లగ్గు పీకేశాక అదేం గుర్తుంచుకోదు బావా.

బావ: గుర్తుంచుకోకపోతే మొదట్నుంచీ చూస్తారు. ఆయనకేం తొందర?